ఎడంచేతి కోసం ఒక అకార్డియన్

"భోజనం అయ్యాక నేనొచ్చి చూస్తాను. అప్పటిదాకా దేనికీ సరే అనకు. పైన మెరుపు చూసి మురిసిపోతావు నువ్వు. లోపలి సంగతి నీకేం తెలుస్తుంది?" అన్నాడు మా ఆయన సెత్తీమియో.

శనివారం పొద్దున. నేను బల్ల మీద పొడుగు కర్రతో పాస్తా పిండి పాముతున్నాను. పెళ్ళయినప్పటి నుంచీ ప్రతి శనివారమూ పాముతున్నాను. ఈ ఇంట్లో బల్ల ఒకటే. దాని మీదే పిండి పామాను, దాని మీదే పిల్ల చేత అక్షరాలు దిద్దించాను, దాని మీదే ముప్ఫై ఏళ్ళపాటు ఈయనగారి అకార్డియన్ల రీడ్లకి, అంటే గాలికి అదిరి పలికే ఉక్కు రేకులకి, మైనం పోశాను. తేనెమైనం, పైన్ చెట్టు బంక కలిపి పాత గిన్నెలో కరిగించి, పలచటి ధారగా, ఒక్క చుక్క కూడా రీడు మీద పడకుండా పోయాలి. చుక్క పడితే ఆ రీడు మూగబోతుంది. లోపలి సంగతి నాకు తెలియదట! పిండి మీద కర్ర కాస్త గట్టిగానే తిప్పాను.

మా ఊరు కాస్తెల్‌ఫిదార్దోలో అకార్డియన్లు చేసేది మగవాళ్ళని అందరూ అంటారు. గాలి తిత్తుల మడతలు అతికించేదీ, మూలలకి మేకతోలు పలచగా చెక్కి అంటించేదీ, మైనం పోసేదీ ఆడవాళ్ళే. కాకపోతే దాన్ని చెయ్యడం అనరు, సాయం చెయ్యడం అంటారు. పెళ్ళికి ముందు ఫ్యాక్టరీలో తిత్తులు అతికించినప్పుడు నాకు జీతమైనా ఉండేది. పిల్ల పుట్టాక సెత్తీమియో పని ఇంటికి తెచ్చుకున్నాడు, దానితోపాటు నేనూ ఇంటి పనిలో కలిసిపోయాను. ఆ తర్వాత బడి క్యాంటీన్లో ఉద్యోగం చేస్తూ కూడా సాయంకాలాలు మైనం పోస్తూనే ఉన్నాను. శ్రుతి చెయ్యడం పూర్తయ్యాక ఆయన చెవి మీద పెన్సిల్ తీసి, లోపలి చెక్క మీద తన పేరూ తేదీ రాసేవాడు. శ్రుతి చేసినవాడు లోపల పేరు రాయడం మా ఊరి ఆచారం. మైనం పోసినదాని పేరు ఎక్కడా ఉండదు. భోజనాల వేళకి కంచాలు పెట్టడానికని ఆ పెట్టెని నేను కొంచెం పక్కకి జరిపితే చాలు, "మెల్లగా! అది నా పని!" అని అరిచేవాడు.

శ్రుతి పట్టడం ఎలా నేర్చుకున్నావని అడిగితే ఏం చెప్పను? పొయ్యి దగ్గర నిలబడి నేర్చుకున్నాను. ఆయన బల్ల దగ్గర కూర్చుని ఒక స్వరం పలికించి, "ఎక్కువా, తక్కువా?" అనేవాడు. నేను గిన్నెలో గరిటె తిప్పుతూ, వెనక్కి చూడకుండానే, "తక్కువ" అనేదాన్ని. ఆయన రీడు కొసన కాస్త గీకి మళ్ళీ పలికించేవాడు. "ఇప్పుడు?" "ఇంకో వెంట్రుకవాసి." అలా రోజుకి రెండొందల సార్లు. దానికి చెవి అని పేరు పెట్టాలని మా ఇద్దరికీ తోచలేదు.

క్యాంటీన్ నుంచి రిటైరయిన వారంలోనే సంగీతపాఠశాల సాయంకాలం తరగతిలో చేరాను. నా పంతులమ్మ ఇలారియా, మా అమ్మాయి కన్నా చిన్నది. మొదటిరోజే నా భుజాలకి ఒక చిన్న పెట్టె తగిలించి, "ఎడంచేత్తో ఒక్క బొత్తాం నొక్కండి" అంది. నొక్కాను. ఒకే ఒక్క స్వరం, మంద్రంగా, ఒంటరిగా వచ్చింది. మళ్ళీ నొక్కాను. మామూలు అకార్డియన్లో ఎడమవైపు ఒక బొత్తాం నొక్కితే మూడు స్వరాలు కట్టగట్టుకుని వస్తాయి. ఎవరో ముందే నిర్ణయించి పెట్టిన మూడు. కుడిచెయ్యి పాడుతుంటే ఎడంచెయ్యి బుంచక్ బుంచక్ అని కొడుతూ ఉండాలి, అంతే. ఇందులో అలా కాదు. ఎన్ని బొత్తాలో అన్ని విడి స్వరాలు. ఎడంచెయ్యి కూడా తన పాట తాను పాడుకోవచ్చు. దీన్నే ఫ్రీ-బేస్ అంటారని నాకూ తెలుసు, అలాంటివాటికి మైనం పోశాను కూడా. కానీ ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారైనా దాన్ని నా ఒళ్ళో పెట్టుకుని నొక్కి చూడలేదు. ఆ రోజు ఇంటికి నడుస్తున్నంత సేపూ జేబులో నా ఎడంచేతి వేళ్ళు ఆడుతూనే ఉన్నాయి.

ఇంట్లో చెబితే సెత్తీమియో నవ్వాడు. "ఫ్రీ-బేస్ అంటే కన్సర్వేటరీలో పెద్ద సంగీతం చదివేవాళ్ళకే. నీకెందుకే ఆ బాదరబందీ? పండగపూట రెండు పోల్కాలు వాయించుకుంటావు, మామూలు బేస్ చాలు." మా అత్తగారు అస్సుంతమ్మ, దేవుడు ఆమె ఆత్మని చల్లగా చూడాలి, బతికున్నప్పుడు ఇంకో మాట అనేది. "కుడిచెయ్యి పాడుతుంది, ఎడంచెయ్యి తాళం వేస్తుంది. సంసారమైనా అంతేనమ్మా, నువ్వు తాళం తప్పకు." నేను తప్పలేదు. ఇన్నేళ్ళూ బుంచక్ బుంచక్ అంటూనే ఉన్నాను.

ఇప్పుడు జూన్లో చర్చి ఆవరణలో మా తరగతి కచేరీ ఉంది. తొమ్మిదిమందిమి. అందులో ఒక చోట అందరూ ఆపేస్తారు, నా ఎడంచెయ్యి ఒక్కటే తాళం లెక్కలో ఇరవై మాత్రలు వాయించాలి. కానీ సంగీతపాఠశాలవాళ్ళు అరువిచ్చిన పెట్టె సోమవారం ఇంకో విద్యార్థికి వెళ్ళిపోతుంది. సోమవారానికి నాకంటూ ఒకటి లేకపోతే ఆ ఇరవై మాత్రలు ఇంకొకరివి. ఈయన ఏం చేశాడంటే, తన చిన్ననాటి స్నేహితుడు దుయీలియో దుకాణంలో ఒక బుల్లి ఎర్రది, కట్టగట్టిన మూడు స్వరాలదే, నాకోసం పక్కన పెట్టించేశాడు. "నీ ఒంటికి అది సరిపోతుంది" అన్నాడు, లంగా కొన్నట్టు.

పాస్తా కోసి గుడ్డ మీద ఆరబెట్టాను. చేతులు కడుక్కుని ఏప్రన్ విప్పాను.

"సాస్ సన్నమంట మీద ఉంది. అడుగంటకుండా తిప్పుతూ ఉండు" అన్నాను.

"నువ్వెక్కడికి?"

"లోపలి సంగతి తెలుసుకోడానికి."

తలుపు వేసుకుని మెట్లు దిగుతుంటే నా గుండె పెళ్ళినాటి కన్నా గట్టిగా కొట్టుకుంది, అబద్ధమెందుకు.

దుయీలియో దుకాణం వీధి మలుపులోనే. పాతవి బాగుచేస్తాడు, కొత్తవి అమ్ముతాడు, రెండింటి మధ్యా కబుర్లు చెబుతాడు. నన్ను చూసి, "రా వదినా! మీ ఎర్రది తుడిచి ఉంచాను. వాడేడీ?" అన్నాడు.

"వంట చేస్తున్నాడు."

దుయీలియో స్క్రూడ్రైవర్ కింద పడేసుకున్నాడు.

"ఎర్రది నాకొద్దు. చిన్నవాటిలో ఫ్రీ-బేస్ ఏమున్నాయో చూపించు. నడుం నొప్పిదాన్ని, ఏడు కిలోలు దాటకూడదు."

రెండున్నాయి. ఒకటి సరికొత్తది, ముత్యంలా తెల్లగా మెరుస్తోంది, బొత్తాలకి బంగారు అంచు. రెండోది పాతది, నల్లది, ముందువైపు జాలీ మీద ఒక పెద్ద గీత. రిమినిలో ఎవరో టీచరమ్మ పోయాక ఆవిడ మేనకోడలు తెచ్చి ఇచ్చిందట. దుయీలియో దాన్ని వెనక్కి నెట్టి తెల్లదాన్ని ముందుకి తోశాడు. "ఆడవాళ్ళకి ఇది ముచ్చటగా ఉంటుంది" అన్నాడు.

"ముచ్చట సంగతి తర్వాత. తిత్తి పట్టీలు విప్పు."

పెట్టెని కుడివైపు నుంచి రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాను, రెండో వైపుని కిందికి వేలాడనిచ్చాను. ఏ బొత్తామూ నొక్కకుండా తిత్తి తన బరువుకి తాను ఎంత నెమ్మదిగా తెరుచుకుంటుందో లెక్కపెట్టాలి. గాలి ఎక్కడా కారకపోతే అది దిగనే దిగనంటుంది. తెల్లది నేను ఐదు లెక్కపెట్టేలోగా నేలకి దిగిపోయింది, బస్సు తప్పిపోతోందన్నట్టు. మూలల మీద బొటనవేలు రాశాను. తోలు కాదు, తోలులా కనిపించే ఇంకేదో. గాలి లేకుండా బొత్తాలు నొక్కి చూశాను, టకటకా చెక్కబూట్ల మోత. నా ఇరవై మాత్రల్లో ఈ మోతే వినిపిస్తుంది.

"కొత్తది కదా వదినా, సర్దుకుంటుంది" అన్నాడు దుయీలియో.

"నేనూ అలాగే అనుకున్నాను, పెళ్ళైన కొత్తలో."

పాపం, దగ్గొచ్చేలా నవ్వాడు.

ఇక నల్లది. ఎత్తాను. మా మనవరాలు ఏడాది వయసప్పుడు ఇంతకన్నా బరువుండేది. వేలాడదీశాను. పది లెక్కపెట్టాను. ఇరవై. తిత్తి నాలుగు మడతలు విప్పి ఆగి ఊపిరి పీల్చుకుంటున్నట్టు ఉంది. ముప్ఫై. ఇంకా నేలకి దిగలేదు. మూలలు నిమిరాను. మేకతోలు, అంచులు ఉల్లిపొరలా చెక్కి అంటించారు. ఒళ్ళో పెట్టుకుని ఎడమవైపు అట్టడుగు స్వరం మీద వేలుంచి, గాలి ఆడీ ఆడనంతగా లాగాను. లావు రీడ్లు బద్ధకిష్టివి, గట్టిగా గాలి తోస్తేగానీ లేవవు. ఇది లేచింది. గొంతు సవరించుకోకుండా, నేను అడగ్గానే పలికింది. తిత్తి మూసేటప్పుడూ అదే స్వరం, వెంట్రుకవాసి తేడా లేదు. ఒక్కో బొత్తామే పైకి వెళ్ళాను. ఎక్కడా ఒకటి లావుగా ఇంకొకటి పీలగా లేదు. అన్నీ ఒకే ఇంటి పిల్లల్లా పలికాయి. అమ్మో, నాకు లేచి గెంతాలనిపించింది! యాభై ఎనిమిదేళ్ళు వచ్చాయి కదా అని కూర్చున్నాను.

"లోపల చూడాలి. మేకులు పీకు" అన్నాను.

దుయీలియో నవ్వు ఆగిపోయింది. "వదినా, లోపల చూసేది మెకానిక్కులు. వాణ్ణి పిలవనా?"

"పిలువు. పొయ్యి ఆపి రమ్మను."

దుయీలియో ఫోన్ దగ్గరికి వెళ్ళాడు. నేను పట్టకారు తీసుకుని మేకులు నేనే పీకి, ఒక వరసలో పెట్టుకున్నాను. పెట్టె తెరుచుకోగానే మైనం వాసన గుప్పున కొట్టింది. పాత మైనమే, ఐనా బీటలు లేవు. రీడ్ల మీది తోలు నాలుకలు వంకరపోకుండా పడుకున్నాయి. రీడ్లు అతికించిన చెక్క వరస ఒకటి బయటికి తీసి కిటికీ వెలుగులో పెట్టాను.

అప్పుడు చూశాను, రీడ్ల మీద గీతలు. శ్రుతి చేసేవాడు స్వరం పెంచాలంటే కొసన గీకుతాడు, దించాలంటే మొదట్లో గీకుతాడు. ఆ గీతలు ఎవరి చేతివి వాళ్ళవే. సెత్తీమియోవి పొడుగ్గా, నిలువుగా, లోతుగా ఉంటాయి. ఇవి పొట్టివి, ఏటవాలువి, క్యారెట్ చెక్కు తీసినట్టు పైపైన తీసినవి. ఈ చెయ్యి నాకు తెలుసు. రోజూ క్యారెట్లు చెక్కే చెయ్యి.

చెక్క పక్కకి తిప్పాను. పెన్సిల్తో పేరుంది. సెత్తీమియో, నవంబర్ 1986. అక్షరాలు ఒకటవ తరగతి పిల్లవాడివిలా వంకర్లు పోయాయి.

ఆ ఏడాది నవంబరులో ఆలివ్ కాయలు కోస్తూ ఆయన నిచ్చెన మీంచి పడ్డాడు. కుడి మణికట్టు విరిగింది. నలభై రోజులు పిండికట్టు. క్రిస్మస్‌కి ఇవ్వాల్సినవి పదకొండు పెట్టెలున్నాయి, సంగతి తెలిస్తే ఫ్యాక్టరీవాళ్ళు ఇంకొకరికి ఇచ్చేస్తారు. "నువ్వు గీకు, నేను పక్కన కూర్చుని చెబుతాను" అన్నాడు. మొదటి పెట్టెకి అరిచాడు. రెండోదానికి గొణిగాడు. మూడోదానికి ఏమీ అనలేదు. అయిదో పెట్టె నుంచి పక్కనే కుర్చీలో నిద్రపోయాడు. పదకొండూ నేనే చేశాను, రీడ్ల వరసలు బల్ల మీదే పెట్టి, మధ్యలో లేచి వంట చేసి, పిల్లకి స్నానం చేయించి, మళ్ళీ కూర్చుని. ఆఖరికి ఒక్కొక్కదానికీ ఆయన ఎడంచేత్తో సంతకం పెట్టాడు. "నా పేరుంటేనే తీసుకుంటారు. అయినా ఒకటే ఇల్లు కదా మనది" అన్నాడు. పెన్సిల్ జారిపోకుండా చెక్కని కదలకుండా పట్టుకున్నది కూడా నేనే. అప్పుడు నాకేమీ అనిపించలేదు. ఆ మాట ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

కానీ ఈ పూట సిగ్గుకి చోటెక్కడ? ఈ దుకాణంలో కళ్ళకి కనబడేదాన్ని వద్దని, చెవితో, వేలితో, ఊపిరితో వెతికి మంచిదాన్ని పట్టుకున్నాను. అది చూస్తే నాదే! ఎవరో నా వీపు తట్టి, శభాష్ ఓర్నెల్లా అన్నట్టుంది. తట్టింది కూడా నేనే.

సెత్తీమియో రొప్పుతూ వచ్చాడు. చొక్కా మీద టొమాటో మరక. "ఏం చేస్తున్నావే? తెరిచేశావా? జరుగు, జరుగు" అని వరసని నా చేతిలోంచి తీసుకుని, పేరు చూశాడు. మొహం వెలిగిపోయింది. "నాదే! దుయీలియో, నా పనిరా ఇది! చూశావా, మా ఆవిడ నా పనిని వెతికి పట్టుకుంది!"

"వాయించి చూడు" అన్నాను.

వరస లోపల పెట్టి, పెట్టె మూసి, రెండు మేకులు గుచ్చి ఒళ్ళో పెట్టుకున్నాడు. అట్టడుగు స్వరం నొక్కాడు. ఇంకొకటి. కళ్ళు మూసుకున్నాడు. ఆయనకి చెవి లేదనను, ఉంది. అందుకే ఆ మొహం మెత్తబడిపోయింది. "వింటున్నావట్రా దుయీలియో? ఎంత సన్నగా లాగినా పలుకుతోంది. ఇదీ చెవి అంటే. ఇలాంటి చెయ్యి ఇప్పుడీ ఊళ్ళో ఎవడికుంది చెప్పు? నిజం చెప్తున్నా, మళ్ళీ ఎప్పుడూ నాకింత బాగా కుదరలేదు."

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాను.

"ఎందుకా నవ్వు?"

"నీ పేరు అంత వంకరగా ఉందేం, సెత్తీమియో?"

కళ్ళజోడు తగిలించుకుని, మేకులు తీసి, వరస మళ్ళీ బయటికి లాగాడు. పేరుని దగ్గరగా పెట్టుకుని చూశాడు, తర్వాత తేదీని. ఆయన చెవులు ఎర్రబడటం నేను పెళ్ళినాటి తర్వాత మళ్ళీ ఇప్పుడే చూశాను. దుయీలియో వంగి చూసి, వేళ్ళ మీద లెక్క వేశాడు.

"ఎనభై ఆరు నవంబరు... ఒరేయ్, ఆ చలికాలం నీ చేతికి కట్టు కదరా? పేకాటకి ముక్కలు నేను పట్టుకుంటే నువ్వు చెప్పేవాడివి. మరి ఇది ఏ చేత్తో గీకావు?"

"ఇంట్లో... ఇద్దరం కలిసి చేశాం" అన్నాడు సెత్తీమియో.

"నువ్వు నిద్రపోయావు" అన్నాను.

కోపంగా అనలేదు. కోపానికి తీరికెక్కడిది? చెయ్యి చాపాను. ఏమిటన్నట్టు చూశాడు. నేను ఆయన చెవి మీది పెన్సిల్ వంక చూశాను. పెన్సిల్ తీసి నా చేతిలో పెట్టాడు.

ఆయన పేరు చెరపలేదు. కింద చోటుంది. ఓర్నెల్లా మాజ్జియేరి అని మా నాన్న ఇంటిపేరుతో రాశాను, నవంబర్ 1986 అని రాశాను. చెక్కని ఎవరూ పట్టుకోలేదు, అక్షరాలు మాత్రం తిన్నగా వచ్చాయి. వరస లోపల పెట్టి, మేకులన్నీ వేలితో నొక్కి, పట్టీలు బిగించాను.

"దుయీలియో, ఇది తీసుకుంటున్నాను. ఎర్రది ఎవరైనా చిన్నపిల్లకి అమ్ముకో."

"అలాగే ఓర్నెల్లా" అన్నాడు దుయీలియో. వదినా అనలేదు.

పెట్టె బల్ల మీద ఉంది. సెత్తీమియో దాన్ని ఎత్తడానికి రెండు చేతులూ చాపాడు. ముప్ఫై ఏళ్ళ అలవాటు. నేను ఆయన కన్నా ముందు పిడి పట్టుకున్నాను.

"మెల్లగా, సెత్తీమియో" అన్నాను. "అది నా పని."